టిన్ను లేకుండా బేక్డ్ బీన్స్: కుక్కర్, టమాటా, కొంచెం ఓపిక

ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటల్నే చదువుకోవడానికి వీలుగా కొద్దిగా సర్ది ఇస్తున్నాం. కొలతలన్నీ చివర్లో ఒకచోట ఉన్నాయి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తిన్నారా? తినకపోతే ఇవాళ్టి ఎపిసోడ్ మీ కోసమే.

టాపిక్ పేరు వినగానే కొంతమంది నవ్వుతారు. బేక్డ్ బీన్స్. అవును, అదే. హోటల్ బఫేలో ఆమ్లెట్ పక్కన ఎర్రగా, తియ్యగా ఉంటుంది చూడండి. మనం ఒక స్పూన్ వేసుకుని, "ఇదేంట్రా, రాజ్మాలో పంచదార పోశారు" అని ప్లేట్‌లో పక్కకి నెట్టేస్తాం. నేను కూడా మొదట్లో అట్లాగే నెట్టేశాను.

తర్వాత యూకే ప్రాజెక్ట్‌లో పడ్డాను. మధ్యాహ్నం ఒకటిన్నరకి లాగిన్, రాత్రి పదిన్నరకి లాగౌట్. అది కూడా కాల్ సాగకపోతేనే. రాయదుర్గం నుంచి కొండాపూర్‌లో ఉన్న పీజీకి చేరేసరికి పదకొండు దాటేది. అప్పటికి డైనింగ్ హాల్లో చల్లారిన అన్నం, గిన్నె అడుగున నీళ్ళచారు, అంతే. ఫోన్ తీసి యాప్ ఓపెన్ చేస్తే బిర్యానీ, ఫ్రైడ్ రైస్, మళ్ళీ బిర్యానీ. నెలాఖరుకి జీతం సగం అక్కడే పోయినట్టు అనిపించేది. కడుపు కూడా ఎప్పుడూ బరువుగానే ఉండేది.

ఒకరోజు కాల్ అయిపోయాక లండన్ టీమ్‌లో ఒకాయన్ని మాటల్లో అడిగాను, బాగా అలిసిపోయిన రోజు మీరేం తింటారు అని. "బ్రెడ్ టోస్ట్ మీద వేడివేడి బీన్స్" అన్నాడు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతు మారింది. మనం "పప్పన్నం, కాస్త నెయ్యి, ఆవకాయ" అని చెప్పేటప్పుడు గొంతు ఎట్లా మారుతుందో, అచ్చం అట్లాగే. అప్పుడు అర్థమైంది, అది వాళ్ళ పప్పన్నం అని.

సరే అని సూపర్ మార్కెట్‌లో ఒక టిన్ను కొన్నాను. తిన్నాను, నచ్చింది. బిల్లు మళ్ళీ చూశాను, నచ్చలేదు. బయటి దేశం నుంచి వచ్చే ఒక టిన్ను డబ్బుతో కిలో రాజ్మా దాకా వస్తుంది. పైగా టిన్ను వెనక లేబుల్ చదివితే అందులో గింజలు దాదాపు సగమే, మిగతాదంతా టమాటా, నీళ్ళు, చక్కెర, ఉప్పు. ఇంత మాత్రం మనం చేసుకోలేమా అనుకున్నాను. అక్కడే నా కథ మొదలైంది. అది మంచిగా మొదలవలేదు.

నా తప్పు ముందు చెప్తాను

పీజీలో స్టవ్ పెట్టనివ్వరు, ఇండక్షన్ కూడా వద్దంటారు. మీలో చాలామందికి తెలిసిన సంగతే. నా దగ్గర ఒక ఎలక్ట్రిక్ కెటిల్ ఉండేది, టీకి, నూడుల్స్‌కి. ఎర్ర రాజ్మా ఒక గంట నానబెట్టి అందులో వేశాను. నీళ్ళు మరగగానే కెటిల్ టక్కుమని ఆగిపోతుంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆగింది. ఒక ఏడెనిమిదిసార్లు అట్లా నొక్కి, విసుగొచ్చి, టమాటా కెచప్ కలిపి తినేశాం. గింజ లోపల కొంచెం కరకరలాడింది. "పర్లేదు, పళ్ళు బానే ఉన్నాయి కదా" అని జోకులు కూడా వేసుకున్నాం.

రెండు గంటలు దాటేసరికి వాంతులు మొదలయ్యాయి. నాకు, నా రూమ్మేట్‌కి ఇద్దరికీ. తెల్లారే దాకా బాత్రూమ్ ముందు వంతులేసుకుని కూర్చున్నాం. తనకి మర్నాడు ఇంటర్వ్యూ ఉంది, వెళ్ళలేకపోయాడు. ఆ సంగతి ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. అమ్మకి ఫోన్‌లో "బయట తిండి పడలేదమ్మా" అని చెప్పాను. నేనే వండింది పడలేదు అని చెప్పడానికి సిగ్గేసింది.

తర్వాత చదివితే తెలిసింది. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అని ఒక పదార్థం ఉంటుంది. నోరు తిరగని పేరు, మర్చిపోయినా ఏం కాదు. అది చేసే పని మాత్రం మర్చిపోకండి. సరిగ్గా ఉడకని నాలుగైదు గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లోపు వికారం, వాంతులు, తర్వాత విరేచనాలు. మామూలుగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. కానీ నీళ్ళు నిలవనంతగా వాంతులు అవుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇది అన్నిటికన్నా ఎర్ర రాజ్మాలో ఎక్కువ. తెల్ల రాజ్మాలో దాదాపు మూడో వంతే ఉంటుంది, అయినా ఉంటుంది. నీళ్ళు బాగా తెర్లుతూ మరిగితే ఇది విరిగిపోతుంది. తెర్లకుండా వెచ్చగా ఉంచితే విరగదు సరికదా, 80 డిగ్రీల దగ్గర అటూ ఇటూగా ఉంచితే విషం పచ్చిగింజ కన్నా పెరగొచ్చు, ఐదు రెట్ల దాకా. అందుకే స్లో కుక్కర్‌లో పచ్చి రాజ్మా డైరెక్ట్‌గా వేయడం, వేడినీళ్ళ ఫ్లాస్క్‌లో వేసి రాత్రంతా మూతపెట్టడం లాంటి షార్ట్‌కట్‌లు వద్దు. రీల్స్‌లో ఎవరు చూపించినా వద్దు.

అమెరికా ఎఫ్‌డీఏ చెప్పే రూల్ సింపుల్‌గా ఉంటుంది. కనీసం 5 గంటలు నానబెట్టాలి. ఆ నీళ్ళు పారబోయాలి. కొత్త నీళ్ళలో కనీసం అరగంట తెర్లించాలి. నిజానికి 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు చాలు ఆ విషం పోవడానికి, కానీ వేడి గింజ నడిమధ్య దాకా చేరాలి కదా, అందుకని అరగంట. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే అరగంటలో ఒక్క నిమిషం కూడా కోత పెట్టకండి. ప్రెషర్ కుక్కర్ అయితే ఈ టెన్షన్ లేదు, లోపల దాదాపు 120 డిగ్రీల దాకా వెళ్తుంది.

భయపెట్టడానికి చెప్పట్లేదు. ఉత్తరాదిలో ఇంటింటా రాజ్మా చావల్ తింటారు, ఏమీ కాదు. ఎందుకంటే వాళ్ళు రాత్రి నానబెడతారు, పొద్దున కుక్కర్‌లో పెడతారు. నేను రెండూ చేయలేదు.

ఇంతకీ ఈ గింజ ఎక్కడిది

మనం వేపుడు చేసుకునే బీన్స్ ఉంది కదా, పచ్చగా పొడుగ్గా, కర్రీ పాయింట్‌లో కొబ్బరి వేసి ఇచ్చేది. అదీ, రాజ్మా, టిన్నులో తెల్ల బీన్సూ ఒకే జాతి మొక్క. లేతగా ఉన్నప్పుడు కాయతో సహా తింటే బీన్స్ వేపుడు. ముదిరి ఎండాక లోపలి గింజ తీస్తే రాజ్మా. రంగు, సైజు మాత్రమే తేడా.

ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1492లో కొలంబస్ అటు వెళ్ళాకే మిగతా ప్రపంచానికి వచ్చింది. టమాటా కూడా అట్లానే వచ్చింది, మిరపకాయ కూడా అట్లానే వచ్చింది. కాబట్టి "బేక్డ్ బీన్స్ ఫారిన్ తిండి, టమాటా పచ్చడి మన తిండి" అంటే లెక్క కుదరదు. రెండూ ఒకే ఓడలో వచ్చిన చుట్టాలే.

బేక్ చేయడం అనే పద్ధతి అమెరికాలో బోస్టన్ వైపు బాగా పాతుకుపోయింది. ఆదివారం పని చేయకూడదని నమ్మే క్రైస్తవ కుటుంబాలు, శనివారమే మట్టికుండలో బీన్స్, పంది మాంసం ముక్క, మొలాసిస్ వేసి పొయ్యిలో పెట్టి వదిలేసేవాళ్ళు. మొలాసిస్ అంటే చెరుకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం. ఇక టమాటా సాస్‌లో బీన్స్‌ని టిన్నుల్లో పెట్టి ప్రపంచమంతా తిప్పింది హైంజ్ కంపెనీ. పిట్స్‌బర్గ్‌కి చెందిన హెన్రీ హైంజ్ 1886లో తన సరుకులు పట్టుకుని లండన్‌లో ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ అనే పెద్ద షాపుకి వెళ్ళాడు, వాళ్ళు కొన్నారు. తర్వాత బ్రిటన్ వాళ్ళకి ఆ టిన్ను ఎంత సొంతమైందంటే, అది అమెరికా నుంచి వచ్చిందన్న సంగతే మర్చిపోయారు.

ఇంకో సరదా సంగతి. టిన్నులో ఉండేవాటిని బేక్ చేయరు. గింజలు, సాస్ టిన్నులో వేసి, సీల్ చేసి, టిన్నుతో సహా ఉడికిస్తారు. అంటే ఓవెన్ లేదని మీరు ఫీల్ అవ్వాల్సిన పనే లేదు. ఒరిజినల్‌కే ఓవెన్ లేదు.

మన భాషలో చెప్పాలంటే ఇవి గుగ్గిళ్ళు. తెలంగాణలో గుడాలు అంటాం. ఉడికించి తాలింపు వేస్తే గుడాలు, టమాటా పులుసులో మగ్గబెడితే బేక్డ్ బీన్స్. అంతే తేడా.

ఏ గింజ కొనాలి

మొదటి ఛాయిస్ తెల్ల రాజ్మా. చిన్నవి దొరికితే ఇంకా మంచిది, త్వరగా ఉడుకుతాయి, టిన్నులోవాటిలా ఉంటాయి. కిరాణా కొట్లో లేకపోతే పెద్ద సూపర్ మార్కెట్‌లో, గ్రోసరీ యాప్‌లో దొరుకుతాయి.

రెండోది చిత్ర రాజ్మా, లేతరంగు మీద చుక్కలుంటాయి. రుచి బాగుంటుంది, సాస్ చిక్కగా వస్తుంది. రాజ్మా అంటే జమ్మూ, ఢిల్లీ అనుకుంటాం కానీ మన దగ్గర కూడా పండుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి, గూడెం కొత్తవీధి, పాడేరు వైపు ఏజెన్సీ కొండల మీద గిరిజన రైతులు పండిస్తారు. అక్కడి చలి దీనికి సరిపోతుంది. లంబసింగికి పొగమంచు చూడటానికి వెళ్తుంటారు కదా, ఈసారి వెళ్తే సెల్ఫీతో పాటు సంతలో రాజ్మా కూడా అడగండి.

మూడోది బొబ్బర్లు, రాయలసీమలో అలసందలు అంటారు. ఇది వేరే మొక్క. నానకపోయినా ఉడుకుతుంది, రాజ్మాతో వచ్చే ఆ విషం గొడవ చాలా తక్కువ. అలాగని పచ్చిగా తినమని కాదు, మెత్తగా ఉడికించాల్సిందే. రుచి టిన్ను బీన్స్‌లా ఉండదు, కొంచెం మట్టి వాసన ఉంటుంది. కానీ మర్చిపోయి నానబెట్టని రోజు కాపాడేది ఇదే.

ఏది కొన్నా పాత సరుకు వద్దు. ఏళ్ళ తరబడి డబ్బాలో ఉన్న గింజ ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటుంది. ప్యాకెట్ మీద డేట్ చూడండి. ముడతలు పడి, చిట్లిన గింజలు ఎక్కువుంటే వదిలేయండి.

ఐటీ కారిడార్ స్పెషల్ సమస్య: నీళ్ళు

ఇది ఏ రెసిపీలోనూ ఉండదు, కానీ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో ఉండేవాళ్ళకి ఇదే అసలు సమస్య. ఊర్లో అమ్మ మూడు విజిల్స్‌కి ఉడికించేది, ఇక్కడ ఎనిమిది విజిల్స్ వేసినా ఉడకదు. ఎందుకు?

మీ కెటిల్ అడుగున, గీజర్‌లో, బాత్రూమ్ కుళాయికి తెల్లగా సుద్దలా పేరుకుంటుందా? అయితే మీకొచ్చేది బోరు నీళ్ళో, ట్యాంకర్ నీళ్ళో అయ్యుంటుంది. ఆ తెల్లది క్యాల్షియం. గింజ లోపల కణాల్ని పట్టి ఉంచే జిగురు ఒకటి ఉంటుంది, పెక్టిన్ అంటారు. జామ్‌ని గడ్డకట్టించేది కూడా అదే. ఉడికించినప్పుడు ఈ జిగురు కరిగితేనే గింజ మెత్తబడుతుంది. క్యాల్షియం వచ్చి ఆ జిగురుని ఇంకా గట్టిగా బిగిస్తుంది. అందుకే ఉడకదు. మీ వంట తప్పు కాదు, మీ ట్యాంకర్ తప్పు.

దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, నానబెట్టడానికి, ఉడికించడానికి తాగే నీళ్ళే వాడండి, ఆర్వో గానీ, 20 లీటర్ల క్యాన్ గానీ. రెండు, నానబెట్టే నీళ్ళలో ఉప్పు వేయండి, లీటరుకి ఒక టేబుల్ స్పూన్. "ఉప్పు వేస్తే గింజ ఉడకదు" అని మనకి అలవాటైన మాట ఉంది. నానబెట్టేటప్పుడు ఉప్పు చేసేది దానికి రివర్స్. ఉప్పులోని సోడియం పొట్టులో ఉన్న క్యాల్షియం ప్లేస్‌లోకి వెళ్తుంది, పొట్టు మెత్తబడుతుంది, చిట్లకుండా ఉడుకుతుంది. మూడు, ఎంతకీ ఉడకని గింజ అయితే ఉడికించేటప్పుడు చిటికెడు వంట సోడా. చిటికెడే. ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది, గింజ పేస్ట్ అయిపోతుంది.

నానబెట్టడం 8 నుంచి 10 గంటలు. లాగిన్ అయ్యే ముందు వేస్తే లాగౌట్ అయ్యేసరికి రెడీ. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం బయట పెట్టకండి, నురగ వచ్చి పులిసిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టండి.

నానిన నీళ్ళు పారబోయడానికి ఇంకో కారణం కూడా ఉంది. గ్యాస్. నవ్వకండి, సీరియస్ టాపిక్. గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి, వాటిని మన పేగులు అరిగించుకోలేవు. లోపల ఉండే బ్యాక్టీరియా వాటిని తిని గ్యాస్ చేస్తుంది. నీళ్ళు పారబోస్తే వాటిలో కొంత పోతుంది. అలవాటు లేనివాళ్ళు మొదటిసారి అర కప్పుతో ఆపండి. పొద్దున తొమ్మిదింటికి స్టాండప్ మీటింగ్ ఉంటే ముందురోజు రాత్రి ప్రయోగాలు వద్దు.

ఉడికించడం, తర్వాతే టమాటా

నానిన గింజల్ని కడిగి కుక్కర్‌లో వేసి, గింజల మీద రెండు అంగుళాలు వచ్చేలా నీళ్ళు పోయండి. తెల్ల రాజ్మా అయితే నాలుగైదు విజిల్స్, తర్వాత సిమ్‌లో పది నిమిషాలు. ప్రెషర్ దానంతట అదే దిగనివ్వండి.

మూత తీశాక టెస్ట్ చేయాలి. ఒక్క గింజ కాదు, ఐదు గింజలు, గిన్నెలో వేర్వేరు చోట్ల నుంచి తీయండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నొక్కితే ఐదూ వెన్నలా అణగాలి. ఒక్కటి గట్టిగా ఉన్నా మళ్ళీ కుక్కర్ ఎక్కించండి. ఈ ఒక్క టెస్ట్ ఆ రోజు నేను చేసుంటే నా రూమ్మేట్ ఇంటర్వ్యూకి వెళ్ళేవాడు.

ఇప్పుడు ఇంకో ముఖ్యమైన పాయింట్. టైమ్ సేవ్ చేద్దామని టమాటా, చింతపండు, బెల్లం అన్నీ మొదట్లోనే కుక్కర్‌లో వేయకండి. ఇది మీ అమ్మకి ఆల్రెడీ తెలుసు. పప్పు ఉడికాకే చింతపండు పులుసు పోయాలి, ముందే పోస్తే పప్పు పలుకుగా ఉండిపోతుంది అని చెప్తుంది చూడండి. అదే సైన్స్. పులుపు తగిలితే ఆ పెక్టిన్ జిగురు కరగదు. టమాటా పులుపే కదా. బెల్లం కూడా గింజని కొంచెం బిగబట్టే రకమే.

అయితే ఈ గుణాన్నే మనం వాడుకుంటాం. గింజ పూర్తిగా మెత్తబడ్డాక టమాటా సాస్‌లో వేస్తే, అరగంట మగ్గినా అది చితికి ముద్దవదు, గింజ గింజగా నిలబడుతుంది. ముందు వేస్తే శత్రువు, తర్వాత వేస్తే ఫ్రెండ్.

సాస్

బాణలిలో రెండు టేబుల్ స్పూన్ల నూనె. ఒక ఉల్లిపాయ బాగా సన్నగా తరిగి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి వేయండి. ఎర్రగా కాదు, మెత్తగా అయ్యే దాకా వేయించండి. మూడు పెద్ద టమాటాలు మిక్సీ పట్టి పోయండి. మిక్సీ లేకపోతే సగానికి కోసి తురుముకోండి, పొట్టు చేతిలో మిగిలిపోతుంది. నూనె అంచుల్లో తేలే దాకా, ఎనిమిది పది నిమిషాలు.

ఇప్పుడు బెల్లం తురుము ఒకటిన్నర టేబుల్ స్పూన్. మొలాసిస్‌కి మన బెల్లం కన్నా మంచి జవాబు లేదు. అనకాపల్లి ముదురు బెల్లం దొరికితే ఆ రంగు, ఆ వాసనే వేరు. ఒక టీ స్పూన్ కారం, అర టీ స్పూన్ ఆవపొడి, కొంచెం మిరియాల పొడి, గోలీ అంత చింతపండు నానబెట్టి తీసిన రసం. వెనిగర్ బదులు అన్నమాట. ఉప్పు చివర్లో చూసి వేయండి, నానబెట్టినప్పుడే కొంత పట్టి ఉంటుంది. పొగ వాసన కావాలంటే ఒక ఎండుమిర్చిని మంట మీద నల్లమచ్చలు వచ్చేలా కాల్చి, నలిపి వేయండి.

ఉడికిన గింజలు, వాటి నీళ్ళు ఒక కప్పు ఇందులో పోసి, సన్నని మంట మీద మూత సగం తీసి ఇరవై, ముప్పై నిమిషాలు వదిలేయండి. మధ్యమధ్యలో అడుగంటకుండా కలపండి. రెండు స్పూన్ల గింజల్ని గరిటెతో చిదిమి కలిపితే సాస్ చిక్కబడుతుంది, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. కొంచెం జారుగా ఉన్నప్పుడే దించండి. పావుగంటలో అదే దగ్గరపడుతుంది, గింజలోంచి వచ్చిన పిండి చల్లారుతూ బిగుసుకుంటుంది. ఓటీజీ ఉన్నవాళ్ళు ఈ స్టేజ్‌లో గిన్నెకి మూతపెట్టి 160 డిగ్రీల దగ్గర ముప్పావుగంట ఉంచొచ్చు. పైన కాస్త ఎండినట్టు అయి బాగుంటుంది. లేకపోయినా లోటు లేదు.

మొదటిసారి రుచి చూసి "తీపి ఎక్కువైంది" అనిపించొచ్చు. మన నాలుకకి అది మామూలే. తీపి తగ్గించేముందు పులుపు, కారం కొంచెం పెంచి చూడండి. గోంగూర తినే నాలుక, దానికి మూడూ సమంగా ఉండాలి.

స్టవ్ లేని గదిలో ఉండేవాళ్ళకి

చాలామంది అడిగేది ఇదే. నిజం చెప్తాను. కెటిల్‌తో ఎండు రాజ్మా వండొద్దు. మరిగిన వెంటనే ఆగిపోయే పరికరం అరగంట తెర్లించలేదు. రైస్ కుక్కర్ అలౌ చేస్తే పర్లేదు, నీళ్ళు ఎక్కువ పోస్తే అది బాగానే తెర్లుతుంది. నీళ్ళు తగ్గి "వార్మ్"లోకి వెళ్ళకుండా చూసుకోండి, టైమర్ పెట్టుకోండి.

ఏదీ లేదంటే టిన్ను కొనుక్కోండి. అందులో తప్పేం లేదు. టిన్నులో బీన్స్ ఆల్రెడీ పూర్తిగా ఉడికినవి, వేడి చేస్తే చాలు. లేబుల్ మీద ఉప్పు మాత్రం చూడండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపే అంటుంది. లేదా వీకెండ్‌లో కిచెన్ ఉన్న ఫ్రెండ్ ఫ్లాట్‌కి వెళ్ళి, కిలో గింజలు ఒకేసారి వండి పంచుకోండి. మేము ఇప్పుడు చేసేది అదే. నలుగురం, ఒక పెద్ద కుక్కర్, ఒక ఆదివారం.

నిల్వ

వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. వెడల్పు డబ్బాలో వేస్తే త్వరగా చల్లారుతుంది. మూడు నాలుగు రోజులు ఉంటుంది, రెండో రోజు రుచి ఇంకా బాగుంటుంది. ఫ్రీజర్‌లో చిన్న డబ్బాలుగా పెడితే రెండు నెలలు. తినేముందు బుడగలు వచ్చే దాకా వేడి చేయాలి, గోరువెచ్చగా కాదు.

ఒక్క పని మాత్రం అస్సలు చేయకండి. గాజు సీసాలో నింపి, మూత బిగించి, టిన్నులా షెల్ఫ్ మీద పెట్టడం. ఆవకాయ ఏడాది నిలవుంటుంది కదా అని దీన్ని పోల్చొద్దు. ఆవకాయలో పులుపు, ఉప్పు, నూనె కాపలా ఉంటాయి. బీన్స్‌కి ఆ కాపలా లేదు. గాలి ఆడని సీసాలో బోటులిజం తెచ్చే బ్యాక్టీరియా పెరగొచ్చు, దాని బీజాలు మామూలుగా మరిగించినా చావవు. ఫ్యాక్టరీలో టిన్నుని ప్రెషర్‌లో 120 డిగ్రీల దాకా వేడి చేసేది దానికే. ఇంట్లో ఫ్రిజ్, ఫ్రీజర్, అంతే.

ఎందులోకి నంజుకోవాలి

బ్రెడ్ టోస్ట్, పైన ఆమ్లెట్, ఇది తెలిసిందే. నా ఫేవరెట్ మాత్రం రవ్వ ఉప్మా పక్కన. ఉప్మా నచ్చదనేవాళ్ళు కూడా తింటారు, గ్యారంటీ. దోసెలో మసాలా బదులు పెట్టండి, చపాతీలోకి, జొన్నరొట్టెలోకి బాగుంటుంది. వేడన్నంలో కలిపి, పక్కన అప్పడం పెట్టుకుంటే లండన్ ఆయన ఏమంటాడో తెలీదు కానీ, నాకు హాయిగా ఉంటుంది. ఉడికిన గింజలు ఒక కప్పులో దాదాపు 15 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, పీచు బాగా ఉంటుంది. రాత్రి తింటే పొద్దున దాకా ఆకలి కేకలుండవు.

కొలతలన్నీ ఒకచోట, ముగ్గురు నలుగురికి

తెల్ల రాజ్మా 1 కప్పు, అంటే దాదాపు 200 గ్రాములు. నానబెట్టడానికి నీళ్ళు 1 లీటరు, ఉప్పు 1 టేబుల్ స్పూన్, 8 నుంచి 10 గంటలు. ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో కుక్కర్‌లో 4 లేదా 5 విజిల్స్, సిమ్‌లో 10 నిమిషాలు. ఐదు గింజల టెస్ట్.

సాస్‌కి నూనె 2 టేబుల్ స్పూన్లు, ఉల్లిపాయ 1, వెల్లుల్లి 4 రెబ్బలు, టమాటాలు 3, బెల్లం ఒకటిన్నర టేబుల్ స్పూన్, కారం 1 టీ స్పూన్, ఆవపొడి అర టీ స్పూన్, మిరియాల పొడి చిటికెడు, చింతపండు గోలీ అంత, ఉప్పు చివర్లో. గింజలు, 1 కప్పు గింజల నీళ్ళు కలిపి సన్నని మంట మీద 20 నుంచి 30 నిమిషాలు. దించి 15 నిమిషాలు ఆగాలి.

చివరిగా ఒక మాట. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మకి ఇది చేసిపెట్టాను. ఒక ముద్ద తిని, "గుడాలలో బెల్లం వేశావేంట్రా" అంది. తర్వాత రెండోసారి వడ్డించుకుంది. అప్పుడు ఆ కెటిల్ కథ మొత్తం చెప్పాను. తిట్టింది, బాగానే తిట్టింది. ఆ తర్వాత లేచి వెళ్ళి, అటక మీద నుంచి తన పాత మూడు లీటర్ల కుక్కర్ దింపి, కొత్త గ్యాస్కెట్ వేయించి నా బ్యాగ్‌లో పెట్టింది. ఇవాళ మీరు వీడియోలో చూసిన కుక్కర్ అదే. పీజీ వదిలేసి, నలుగురం కలిసి ఫ్లాట్ తీసుకోవడానికి సగం కారణం కూడా అదే.

రాత్రి లేటుగా ఒక్కరే తినేవాళ్ళు మనలో చాలామందిమి ఉన్నాం. ఏదో ఒకటి వేడిగా, మెత్తగా, పూర్తిగా ఉడికింది తినండి. ఇవాళ రాత్రి పడుకునే ముందు ఒక కప్పు గింజలు నానబెట్టి పడుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.